తోక పట్టుకుని చూస్తే: జంతువుల బొమ్మలతో అభిసారి పరిణామం చెప్పిన ఒక కేస్ స్టడీ

ఇంటర్ రెండో ఏడాది జువాలజీలో పరిణామం యూనిట్‌కి వచ్చేసరికి మా బైపీసీ పిల్లలకు కన్వర్జెంట్ ఎవల్యూషన్, అంటే అభిసారి పరిణామం, నిర్వచనం కంఠతా వచ్చేసి ఉంటుంది. వేర్వేరు వంశాల జీవులు ఒకే రకం పరిసరాల్లో ఒకే రకం బతుకు బతుకుతూ చివరికి ఒకేలా తయారవడం. ఉదాహరణలు కూడా రెడీ: పెంగ్విన్, డాల్ఫిన్ ఫ్లిప్పర్లు, ఆక్టోపస్ కన్ను, మన కన్ను. పరీక్షలో మార్కులు పడిపోతాయి. పుస్తకంలో లేని జంటను చూపించి "ఇవి చుట్టాలా, కాదా?" అని అడిగినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. సగంమంది పోలిక చూసి చుట్టాలంటారు. మిగతా సగం, మేడమ్ అడిగారంటే ఏదో మెలిక ఉండే ఉంటుందని కాదంటారు. జంతువును చూసి చెప్పినవాళ్లు ఎవరూ ఉండరు.

ఆ చూడటం నేర్పడానికి బొమ్మలు ఎంతవరకు పనికొస్తాయో మా కాలేజీలో రెండు సెక్షన్లలో చేసి చూశాను. అది ఎలా సాగిందో రాస్తున్నాను. ఇలాంటిదే చేద్దామనుకునే లెక్చరర్లకు, టీచర్లకు పనికిరావచ్చు.

నేను చాలాకాలంగా జంతువుల ఫిగర్లు కొంటున్నాను. జర్మనీ ష్లైక్, ఫ్రాన్స్ పాపో, అమెరికా సఫారి లిమిటెడ్, ఇంకా కలెక్టా లాంటి కంపెనీలవి. గట్టి ప్లాస్టిక్‌తో పోతపోసి, చేత్తో రంగులు దిద్దినవి. ఇవి మన దగ్గర చవకేం కాదు. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అందుకే కాలేజీ ఖర్చుతో కొనిపిద్దామని నేను అడగలేదు, మీకూ చెప్పను. ఉన్నవి తెచ్చాను, లేనివి పిల్లలతో బంకమట్టితో చేయించాను. మట్టితో చేసినవే ఎక్కువ నేర్పాయి, ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఫోన్‌లో కావలసినన్ని ఫొటోలుండగా బొమ్మలెందుకని స్టాఫ్‌రూమ్‌లో అడిగారు. ఫొటో తీసేవాడు జంతువును ఎక్కువగా పక్క నుంచి తీస్తాడు. పక్క నుంచి చూస్తే డాల్ఫిన్ తోక సన్నటి గీతలా కనిపిస్తుంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు. బొమ్మ చేతిలో ఉంటే వెనక నుంచి చూస్తారు, తిరగేస్తారు, కడుపు వైపు వేలితో తడుముతారు. నాకు కావలసింది అదే.

పద్ధతి పెద్దదేమీ కాదు. బొమ్మలన్నీ టేబుల్ మీద పెట్టి, చుట్టరికం ప్రకారం గుంపులు చేయమన్నాను. పేర్లు చెప్పలేదు. షరతు ఒకటే: ఎందుకలా పెట్టారో ప్రతి గుంపుకూ కారణం రాయాలి, ఆ కారణం బొమ్మ మీద వేలు పెట్టి చూపించగలిగేదై ఉండాలి. తర్వాత బోర్డు మీద రెండు గళ్లు గీశాను. ఒకటి బతుకు, రెండోది వంశం. వాళ్లు చూపించిన ఒక్కో లక్షణం ఏ గడిలోకి వెళుతుందో వాదించుకోమన్నాను. ఈత కోసం, తిండి కోసం వచ్చిందనుకుంటే బతుకు. ఆ పనికి అవసరం లేకపోయినా తాతముత్తాతల నుంచి అలాగే వస్తోందనుకుంటే వంశం. పోలికలన్నీ బతుకు గడిలో చేరి, వంశం గడిలో తేడాలు మిగిలితే అది అభిసారి పరిణామానికి గట్టి ఆధారం. పాఠం మొత్తం నిలబడేది ఈ రెండో గడి మీదే. పోలిక చూపించడం సులభం. అంత పోలిక ఉన్నా వదలని తేడాను చూపించగలిగితేనే చెప్పినట్టు.

మొదటి సెట్టులో సొరచేప, డాల్ఫిన్, ఇక్తియోసార్ పెట్టాను. ఇక్తియోసార్ డైనోసార్ కాదు, అదే కాలంలో సముద్రంలో బతికిన సరీసృపం. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట కనిపించి, 9 కోట్ల ఏళ్ల కిందట అంతరించిపోయింది. తిమింగలాల, డాల్ఫిన్ల పూర్వీకులు నీళ్లలోకి దిగింది సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట. అంటే డాల్ఫిన్ వంశం నీళ్లలోకి దిగేసరికి ఇక్తియోసార్లు పోయి నాలుగు కోట్ల ఏళ్లయింది. ఒకదాన్ని చూసి ఇంకొకటి నేర్చుకునే వీల్లేదు.

పిల్లలు మూడింటినీ ఒకే గుంపులో పెట్టారు, కొందరు డాల్ఫిన్‌ను పక్కకు తీశారు. డాల్ఫిన్ క్షీరదమని వాళ్లకు ఎలాగూ తెలుసు. బొమ్మ మీద చూపించమంటే ఆగిపోయారు. చివరికి ఒకమ్మాయి తల మీది ఊపిరి రంధ్రం చూపించింది. అప్పుడు మూడు బొమ్మల్నీ తోకలు వాళ్ల వైపు ఉండేలా తిప్పి పెట్టాను. సొరచేప తోక నిలువుగా ఉంది. ఇక్తియోసార్ తోకా నిలువే. డాల్ఫిన్ తోక మాత్రం అడ్డంగా, నేలకు సమాంతరంగా పరుచుకుని ఉంది.

"మేడమ్, మూడూ ఈదేవే కదా, దీనిదొక్కటే పడుకుని ఉందేంటి?"

దీనికి నేను జవాబు చెప్పలేదు. గోడ మీద బల్లి పాకేటప్పుడు ఒళ్లు ఎటు వంగుతుందో, వీధికుక్క పరిగెత్తేటప్పుడు వీపు ఎటు వంగుతుందో చూసి రమ్మన్నాను. మర్నాడు వాళ్లే చెప్పారు. బల్లి ఒళ్లు పక్కలకు వంగుతుంది. కుక్క వీపు పైకీ కిందికీ వంగుతుంది. మొసలి తోక పక్కలకు ఊపుతూ ఈదడం జూ పార్కులో చూసినవాళ్లున్నారు. నేల మీద పరిగెత్తిన క్షీరదం వెన్నెముక నిలువుగా వంగడానికి అలవాటుపడింది. అదే వెన్నుతో నీళ్లలోకి దిగితే తోక కొట్టడం కూడా పైకీ కిందికే, కాబట్టి తోక వాజం అడ్డంగా వచ్చింది. సరీసృపం పక్కలకు వంగే వెన్నుతో దిగింది, దాని వాజం నిలువుగా వచ్చింది. నీళ్లు పెట్టే షరతు మూడింటికీ ఒకటే. గాలికన్నా నీరు సుమారు 800 రెట్లు చిక్కన, అందులో వేగంగా పోవాలంటే ముందు మొన తేలి, నడుము లావై, వెనక సన్నబడిన ఒళ్లు కావాలి. ఆ ఒళ్లు మూడింటికీ వచ్చింది. నెలవంక తోకా మూడింటికీ వచ్చింది. అది నిలువా అడ్డమా అన్నది మాత్రం నీళ్లు తేల్చలేదు, తెచ్చుకున్న వెన్ను తేల్చింది.

ఇక్కడ సీల్ బొమ్మ కూడా పెట్టడం మంచిది. లేకపోతే క్షీరదమంటే తోక పైకీ కిందికే అని ఇంకో సూత్రం కంఠస్థం చేస్తారు. బయటికి చెవులు కనిపించని అసలు సీళ్లు క్షీరదాలే అయినా వెనక కాళ్లను పక్కలకు ఊపుతూ ఈదుతాయి. దాన్ని చూసి క్లాసులో కాస్త గొడవ అయింది, అవసరమైన గొడవే.

ఇక్తియోసార్‌ను ఇంకా నిదానంగా చూడమన్నాను. సొరచేపకు తల పక్కన మొప్ప చీలికలు, ఇక్తియోసార్‌కు లేవు. డాల్ఫిన్‌కు ముందు రెండే తెడ్లు, ఇక్తియోసార్‌కు కడుపు కింద వెనక జత కూడా ఉంది. ఇవన్నీ వంశం గడిలోకి వెళ్లాయి. బొమ్మ మీద కనిపించనిది ఒకటి బోర్డు మీద గీశాను. సొరచేప వెన్నెముక తోక పై తమ్మెలోకి వంగి వెళుతుంది, ఇక్తియోసార్‌ది కింది తమ్మెలోకి వంగి వెళుతుంది. బయటికి రెండూ ఒకే నెలవంక, లోపల వెన్ను ఒకదానిది పైకి, ఒకదానిది కిందికి. ఇక్తియోసార్ తోక పై తమ్మె మాంసమే, ఎముక లేదు. అందుకే మొదట్లో శాస్త్రవేత్తలకే ఆ తోక దొరకలేదు. 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ పార్కులో పెట్టిన నిలువెత్తు ఇక్తియోసార్ విగ్రహాలకు వీపు మీద వాజం లేదు, నెలవంక తోకా లేదు. ఆ తర్వాత 1890లలో జర్మనీలోని హోల్జ్‌మాడెన్ రాళ్లలో చర్మం అంచు కూడా అచ్చుపడిన శిలాజాలు వెలుగులోకి వచ్చాక అసలు ఆకారం తేలింది.

మట్టి బొమ్మల సంగతి ఇక్కడే. ప్లాస్టిక్ ఇక్తియోసార్ ఒకటే ఉంది కాబట్టి రెండో సెక్షన్‌లో దాన్ని దాచేశాను. చేప బతుకు బతికే సరీసృపాన్ని మీరే చేయండి అని బంకమట్టి ఇచ్చాను. చాలామంది బల్లి తోకే పెట్టారు, ఆ లండన్ విగ్రహాల్లాగే నెలవంక లేకుండా. ఒకరిద్దరు డాల్ఫిన్ తోక అడ్డంగా అతికించారు. చేత్తో అతికించాలంటే నిలువో అడ్డమో ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా, వాదన అక్కడే మొదలైంది. అసలు బొమ్మ బయటికి తీసినప్పుడు వాళ్లు దాని ముఖం చూడలేదు, నేరుగా తోక వైపు చూశారు.

మన దేశంలో కూడా ఇక్తియోసార్ ఉందని చెబితే ఆసక్తి ఇంకా పెరిగింది. గుజరాత్ కచ్‌లో లోడాయ్ గ్రామం దగ్గర సుమారు 15.2 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికింది. బతికున్నప్పుడు ఐదున్నర మీటర్ల పొడవుంటుందని అంచనా. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గుంటుపల్లి ప్రసాద్, ఆయన బృందం 2017లో ఈ వివరాలు ప్రచురించారు. ఇంటిపేరు వినగానే వెనక బెంచీల్లో తలలు లేచాయి.

ఒక సూక్ష్మమైన విషయం దగ్గర తొందరపడకూడదు. డాల్ఫిన్ తెడ్డు, ఇక్తియోసార్ తెడ్డు నిర్మాణసామ్య అవయవాలా (మూలం ఒకటే అయినవి), క్రియాసామ్య అవయవాలా (పని ఒకటే అయినా విడివిడిగా వచ్చినవి)? గైడ్లలో ఏదో ఒకటి రాసేస్తారు. నిజానికి రెండూ ఒప్పే. రెండూ ఒకే నాలుగుకాళ్ల పూర్వీకుడి ముందు కాలి నుంచి వచ్చాయి. భుజం ఎముక, మోచేతి ఎముకలు, వేళ్లు అదే వరసలో ఉంటాయి. కాలుగా చూస్తే నిర్మాణసామ్యం. కానీ ఆ పూర్వీకుడికి తెడ్డు లేదు. కాలు తెడ్డుగా మారడం రెండు వంశాల్లో విడివిడిగా జరిగింది, కాబట్టి తెడ్డుగా చూస్తే క్రియాసామ్యం. రెండింట్లోనూ వేలికి ఉండాల్సిన కణుపుల కన్నా చాలా ఎక్కువ కణుపులు పెరిగాయి, అదీ విడివిడిగానే. డాల్ఫిన్ ఐదు వేళ్ల లెక్క దాటలేదు. కొన్ని ఇక్తియోసార్లు దాటాయి. ప్రశ్న ఏ స్థాయిలో అడుగుతున్నారో ముందు రాసి తర్వాత జవాబు రాయమని చెప్పాను. ఎంట్రన్స్‌కి చదివేవాళ్లకు ఇది కాస్త టెన్షన్ పెట్టింది, ఆప్షన్లలో ఇలాంటిది ఉండదు కాబట్టి.

రంగుల గురించి ఒక మాట. మూడు బొమ్మలకూ వీపు ముదురు రంగు, కడుపు లేత రంగు. పై నుంచి చూస్తే లోతు నీళ్లలో, కింద నుంచి చూస్తే వెలుగులో కలిసిపోవడానికి. సొరచేపకు, డాల్ఫిన్‌కు సరే, అంతరించిన జంతువుకు ఆ రంగు ఎవరు చూశారని అడిగారు. మంచి ప్రశ్న. 2018లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఒక జర్మన్ ఇక్తియోసార్ శిలాజంలో చర్మం ఆనవాళ్లు, చర్మం కింద కొవ్వు పొర ఆనవాళ్లు చూపించింది. వర్ణకాలు వీపు వైపు ఎక్కువ, కడుపు వైపు తక్కువ. కాబట్టి ముదురు వీపు, లేత కడుపు వరకు ఆధారం ఉంది. నా బొమ్మ పక్కల మీద వేసిన నీలం చారలు మాత్రం పెయింటర్ సరదా.

రెండో సెట్టు చీమలు, చెదలు తినేవాటిది: దక్షిణ అమెరికా జెయింట్ యాంట్‌ఈటర్, ఆఫ్రికా ఆర్డ్‌వార్క్, మన అలుగు, ఆస్ట్రేలియా ఎకిడ్నా, నంబాట్. నంబాట్ నా దగ్గర లేదు, పిల్లలే మట్టితో చేశారు. ఈ ఐదింటినీ దాదాపు అందరూ ఒకే కుటుంబం అన్నారు. పొడుగు మూతి, పొడుగు నాలుక, తవ్వే గోళ్లు. తప్పు అనే ముందు వాళ్లకు, జీవులను వర్గీకరించిన లినేయస్ సంగతి చెప్పాను. 1758లో ఆయన కూడా యాంట్‌ఈటర్‌ను, అలుగును, చెట్లకు వేలాడే స్లాత్‌ను ఒకే క్రమంలో (ఆర్డర్‌లో) పెట్టాడు, అందులోనే ఏనుగును కూడా చేర్చాడు. ఆ తర్వాత చాలాకాలం పళ్లు లేనివి, సరిగా లేనివి అన్న పేరుతో యాంట్‌ఈటర్, అలుగు, ఆర్డ్‌వార్క్ ఒకే గుంపులో నడిచాయి. డీఎన్‌ఏ వచ్చాక లెక్క తేలింది. యాంట్‌ఈటర్‌కు దగ్గరి చుట్టం స్లాత్. అలుగు పిల్లులు, కుక్కలుండే మాంసాహారుల వంశానికి దగ్గర. ఆర్డ్‌వార్క్ ఏనుగు వైపుది. నంబాట్ మార్సూపియల్, అంటే కంగారూల వైపుది. ఎకిడ్నా అయితే గుడ్లు పెట్టే క్షీరదం. డైనోసార్లు పోయాక క్షీరదాల్లో ఈ తిండికే అంకితమైన బతుకు కనీసం 12 సార్లు విడివిడిగా వచ్చిందని 2025లో ఒక అధ్యయనం లెక్కగట్టింది.

ఈ సెట్టులో బొమ్మ మీద చూడాల్సినది ముందు పాదం. మంచి యాంట్‌ఈటర్ బొమ్మను తిరగేస్తే ముందు పాదం నేల మీద చదునుగా ఆని ఉండదు. గోళ్లు లోపలికి ముడుచుకుని, కణుపుల మీద నిలబడి ఉంటుంది. అలుగు కూడా ముందు గోళ్లను లోపలికి మడిచే నడుస్తుంది. పుట్టలు పగలగొట్టే గోరు నడకలో అరిగిపోకూడదు, రెండు వంశాలూ ఒకే ఉపాయానికి వచ్చాయి. నాసిరకం బొమ్మల్లో ఈ పాదం ఎలుగుబంటి పాదంలా చదునుగా పోతపోసి ఉంటుంది. బొమ్మ కొనేముందు నేను చూసేది ముఖం కాదు, ఇలాంటి చోట్లే.

ఎలుగుబంటి అన్నాను కాబట్టి, దాన్ని కూడా ఈ సెట్టులో కలిపాను. మన అడవుల్లోని ఎలుగు అచ్చమైన ఎలుగే, చుట్టరికంలో అనుమానం లేదు. కానీ చెదలు దానికి ముఖ్యమైన తిండి. పై దవడలో మధ్య ముందు పళ్లు రెండు ఉండవు, ముక్కు రంధ్రాలు మూసుకోగలదు, పెదాలు గొట్టంలా చాపి చెదల్ని గుక్కలు గుక్కలుగా పీలుస్తుంది. అభిసారి పరిణామం మొదలై సగం దారిలో ఉంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను దీన్నే చూపిస్తాను. అలుగుకు పళ్లే లేవు, ఆర్డ్‌వార్క్‌కు పిప్పరమెంటు ముక్కల్లాంటి పింగాణీ లేని పళ్లున్నాయి, నంబాట్‌కు సన్నటివి చాలా ఉన్నాయి. ఒకే తిండి, పళ్ల లెక్క మాత్రం ఎవరిది వారిదే.

బొమ్మలతో పెద్ద చిక్కు సైజు. యాంట్‌ఈటర్ తోకతో కలిపి రెండు మీటర్లు, నంబాట్ తోకతో కలిపినా నలభై సెంటీమీటర్ల చుట్టూ. టేబుల్ మీద రెండూ ఒకే సైజు. దీనికి పురికొస పనికొచ్చింది. ప్రతి జంతువు అసలు పొడవుకు ఒక ముక్క కత్తిరించి బొమ్మ మెడకు కట్టించాను. యాంట్‌ఈటర్ తాడు టేబుల్ దిగి నేల మీద పడింది.

థైలసీన్ గురించి ఎక్కువ చెప్పను, పుస్తకంలో టాస్మేనియన్ తోడేలు పేరుతో ఉన్నదే, తోడేలును పోలిన మార్సూపియల్. తెలిసిన చివరిది 1936 సెప్టెంబర్ 7న హోబర్ట్ జూలో చనిపోయింది. ఈ జంతువు విషయంలో బొమ్మ పెద్దగా సాయపడదు. తోడేలుకు 42 పళ్లు, దీనికి 46, ఆ తేడా పుర్రెలోనే తెలుస్తుంది. కుక్కల గుంపులోంచి దాన్ని తీయడానికి చివరిదాకా ఒప్పుకోని పిల్లలున్నారు. సంచి ఉందని చెబితే, "బొమ్మ మీద లేదు కదా మేడమ్, మీరే షరతు పెట్టారు" అన్నారు. న్యాయమే. పుర్రె ఫొటోలు లేకుండా ఈ జంటను తేవద్దు.

ఇంపోర్టెడ్ బొమ్మలు అందనివాళ్లకు ఒక సెట్టు చెబుతాను. సంతలోనూ, ఫ్యాన్సీ షాపులోనూ సంచిలో గంపగుత్తగా అమ్మే చవక బొమ్మల్లో మొసలి, హిప్పో, కప్ప దాదాపు ఎప్పుడూ ఉంటాయి. మూడింటి తలలూ నీళ్ల మట్టానికి అన్నట్టు ఒక స్కేలు ఆనించి చూడండి. కళ్లు, ముక్కు రంధ్రాలు పైన తేలుతాయి, మిగతా తలంతా కింద ఉంటుంది. ఒళ్లంతా నీళ్లలో దాచుకుని పైకి చూసే బతుకు మూడు వంశాల్లో విడివిడిగా కళ్లను నెత్తికెక్కించింది. బొమ్మ ఎంత మొరటుగా పోతపోసినా ఇది మాత్రం కనిపిస్తుంది.

యూనిట్ అయిపోయాక కొన్నాళ్లు ఆగి, ముందు చెప్పకుండా రెండు బొమ్మలు ఇచ్చాను: మన రాబందు, దక్షిణ అమెరికా కాండోర్. చుట్టాలా కాదా అని కాకుండా, తేల్చడానికి ఏమేం చూస్తారో రాయమన్నాను. బాగా రాసినవాళ్ల కాగితాల్లో మొదటి వాక్యం దాదాపు ఒకటే: బట్టతల, వంకర ముక్కు, పెద్ద రెక్కలు లెక్కలోకి రావు, అవి కళేబరాలు తినే బతుకు వల్ల వచ్చి ఉండొచ్చు. ఒక అబ్బాయి బట్టతల ఎండలో ఒళ్లు చల్లబరచుకోవడానికి కూడా కావచ్చన్నాడు, రాబందుల మీద పరిశోధకులు చూపించిందీ ఇదే. తర్వాత కాళ్లు, ముక్కు రంధ్రాలు, గొంతు, గుడ్లు చూడాలని రాశారు. ముక్కు రంధ్రం రాసినవాళ్లకు ఫొటో చూపించాను. కాండోర్ ముక్కు రంధ్రాల మధ్య అడ్డుగోడ ఉండదు, పక్క నుంచి చూస్తే అవతలి వెలుతురు కనిపిస్తుంది. మన రాబందుకు అలా కనిపించదు. మన రాబందు గద్దల కుటుంబానిది, కాండోర్ వేరే కుటుంబం.

అందరూ ఇలా రాయలేదు. కొందరు మళ్లీ నిర్వచనమే రాసి ఊరుకున్నారు. బొమ్మలు చేత్తో పట్టుకోకుండా దూరం నుంచి చూసినవాళ్లే వాళ్లలో ఎక్కువ. పెద్ద సెక్షన్‌లో అందరికీ బొమ్మ అందదు. ఈసారి ఒక్కో బెంచీకి ఒక్కో సెట్టు మట్టితోనే చేయిద్దామనుకుంటున్నాను.

ఒక్క పీరియడ్ మాత్రమే దొరికితే చీమల సెట్టు వదిలేసి తోకల సెట్టు పెట్టండి. ఇక్తియోసార్ బొమ్మ దొరక్కపోతే సొరచేప, డాల్ఫిన్, సీల్ చాలు. బల్లినీ కుక్కనూ చూసి రమ్మని పిల్లలకు ముందురోజే చెప్పండి.